అలాస్కా ఆమె జవాబు చెప్పింది ఎవరికి?

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. స్టాఫ్ రూములో ఎవరైనా "మా మేనత్తకు ఒకసారి ఏమైందంటే" అని గొంతు తగ్గించి మొదలుపెడితే, టిఫిన్ డబ్బా పట్టుకుని లేచి వెళ్లిపోతాను. పాఠం చెప్పే చొక్కా కింద తాయెత్తు దాచుకుని తిరిగే మహానుభావులు మా స్టాఫులో చాలామందే ఉన్నారు.

ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. ఇది చదివి "చూశారా, మేడం కూడా దారికొచ్చింది" అని ఎవరూ సంబరపడక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను, అంతే.

ముందు అలాస్కా సంగతి చెప్పాలి. మా అక్క సుగుణను మిర్యాలగూడలో ఇచ్చారు. బావకు రైసు మిల్లు ఉండేది. మిల్లర్ల తీరు మీకు తెలియకపోతే చెప్తాను. ఒకాయన కొత్త కారు కొంటే కొన్నాళ్లకు అందరి ఇళ్ల ముందూ అదే కారు, అదే రంగు. అలాగే ఎవరో మిల్లరు భార్యతో షిప్పెక్కి అలాస్కా పోయి, మంచుకొండ ముందు శాలువా కప్పుకుని దిగిన ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. ఇక బావకు నిద్ర పట్టలేదు.

మంచు చూడాలంటే ఐస్ ఫ్యాక్టరీకి పోయి రావచ్చు కదా అన్నాను. ఆయన నవ్వేసి, నాకూ మా ఆయనకూ కలిపి నాలుగు టికెట్లు బుక్ చేయించాడు. మా మీద ప్రేమ పొంగి కాదు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అక్కకు అసలే రాదు. జీతం లేని దుబాసీగా నన్ను పెట్టుకున్నాడన్నమాట.

షిప్పు ఎక్కకముందే బావ పోయాడు. పట్టపగలు, మిల్లులో ధాన్యం దిగుతుండగా, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. టికెట్లను తర్వాతి ఏడాదికి జరిపించాం. నిజానికి జరిపి మర్చిపోయాం.

సంవత్సరీకం అయ్యాక అక్కే ఆ మాట ఎత్తింది. "ఆయన పోదామన్నడు గదా. పోదాం" అంది. ఆ ఏడాదిలో ఆమె తనంతట తాను అడిగింది అదొక్కటే. అన్నం ముందు కూర్చుని ఏం కూర అని కూడా అడగని మనిషి అలా అంటే, నేను ఐస్ ఫ్యాక్టరీ మాట మింగేసి సరే అన్నాను.

మా ప్రయాణంలో ముగ్గురం మిగిలాం. షిప్పు అలాస్కా ఒడ్డును మాత్రమే చూపిస్తుందట. లోపలి దేశం చూడాలంటే షిప్పు దిగి రైలెక్కాలి. అడవిలో బస్సు, కొండ కింద లాడ్జి, ఎలుగుబంట్లు, బుల్లి విమానంలో చక్కర్లు. దీన్ని ల్యాండ్ టూర్ అంటారు. హైదరాబాదు ఏజెంటు షిప్పు వరకే తన బాధ్యత అని చేతులు దులుపుకున్నాడు. అందుకని అక్కడే ఉన్న ఒక చిన్న టూరు ఆఫీసును నేనే వెతికి పట్టుకున్నాను. అక్కడ ఒకామె వీడియో కాల్‌లో అన్నీ ఓపిగ్గా చెప్పేది. మాకు పొద్దున, వాళ్లకు అంతకుముందు సాయంత్రం.

ఇందులో మా ఆయన చేసిన సాయం గురించి చెప్పకపోతే పాపం. ఆయనది కోదాడ, విత్తనాల కొట్టు. ఫోన్ చేయాలంటే వర్జ్యం చూస్తాడు, మెయిల్ పంపాలంటే రాహుకాలం చూస్తాడు. అలాస్కాలో రాహుకాలం ఎప్పుడో ఆయన క్యాలెండరులో లేదు కాబట్టి బతికిపోయాం.

అంతకన్నా పెద్ద పరేషాన్ ముగ్గురం కావడం. మా వైపు ముగ్గురు కలిసి మంచి పనికి బయల్దేరరు. తప్పకపోతే ఒక రాయి జేబులో వేసుకుని దాన్నే నాలుగో మనిషి అనుకుంటారు. సంబంధం మాట్లాడటానికి పోయే పెద్దమనుషుల జేబుల్లో కూడా ఈ రాళ్లు ఉంటాయి. మొదటి కాల్‌లో నేను స్టవ్ కట్టేసి వచ్చేలోపే ఈయన ఆమెతో "వి ఆర్ ఫోర్" అనేశాడు.

ఎందుకలా చెప్పావని అడిగితే, "బయల్దేరకముందే నోటితో మూడు అంటారా ఎవరన్నా? రాయి ఎట్టాగూ తీసుకెళ్తాం కదా" అన్నాడు. రైల్లో రాయికి కిటికీ సీటు, లాడ్జిలో రాయికి మంచం. వెంటనే ఆమెకు మెయిల్ రాసి, మేం ముగ్గురమేనని సరిచేశాను. ఆమె సరేనని జవాబిచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే జరిగినదానికి కారణం వెతికేటప్పుడు నేను కూడా మొదట దీన్నే పట్టుకున్నాను.

అది ఆదివారం. పేర్లు ఖాయం చేయాల్సిన రోజు. అక్క పొద్దున్నే మిర్యాలగూడ నుంచి కారులో వచ్చింది. వస్తూనే, నేను ఉప్మా కలుపుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆమెకు చెప్పు చెల్లె, నా పేరు తీసేయమను" అంది.

విషయమేమిటంటే బావ తమ్ముడు ముందు రోజు ఇంటికి వచ్చాడట. "వదినా, నీ మంచికే చెప్తున్న. ఏడాది తిరిగిందో లేదో ఓడెక్కి ఊరేగుతుందంటరు నలుగురు. టికెట్లు ఖరాబ్ గావొద్దంటే నేనూ మా ఆమె పోయొస్తం తియ్" అన్నాడట. ఎంత త్యాగం! అన్న పోయిన పదోరోజే మిల్లు తాళాలు నడుముకు దోపుకున్నవాడు, ఇప్పుడు అన్న చూడాలనుకున్న మంచు కూడా వాడే చూస్తాడట. నలుగురు అంటారని వాడు చెప్పే ఆ నలుగురూ వాడూ, వాడి పెళ్లామూ, వాడి అత్తామామలూ.

ఈ మాటలన్నీ అక్కతో అన్నాను, ఇంకా ఘాటుగానే అన్నాను. ఆమె వాదించలేదు. "ఇగ నాకెందుకు చెల్లె గవన్నీ. ఇంట్ల ఉంట" అంది. ఆ ఇంట్లో ఆమె ఎలా ఉంటుందో నాకు తెలుసు. లైటు కూడా వేసుకోదు. ఈ ప్రయాణం తప్పిపోతే ఇక ఆమె ఆ గడప దాటదని నాకు భయం పట్టుకుంది. కానీ నాకు తిట్టడం వచ్చినంతగా బతిమాలడం రాదు.

కాల్ టైమయింది. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టాను. నేను మధ్యలో, ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క అక్క. అక్క వెనక గోడ దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఖాళీగా. కిటికీలోంచి ఎండ పడుతోంది. టీవీ ఆపేసి ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆమె వరసగా చెప్పుకుపోతోంది. బుల్లి విమానం కాబట్టి ఎవరి బరువెంతో ముందే చెప్పాలంది. మా ఆయన పొట్ట లోపలికి పీల్చుకుని తన బరువు తగ్గించి చెప్పాడు. అడవిలో బస్సు నుంచి దిగకూడదంది. పేరు తీయించే సంగతి చివర్లో చెప్దామని నేను వాయిదా వేస్తున్నాను.

మాట్లాడుతున్నదల్లా ఆమె ఆగింది. గది వెనక నుంచి ఎవరో ఏదో అడిగితే వింటామే, అలా గడ్డం కాస్త ఎత్తి, అక్క భుజం మీదుగా చూసింది. నవ్వింది. తర్వాత ఇంగ్లీషులో అన్నదాన్ని తెలుగులో చెప్తున్నాను: "లేదండీ, ఇక్కడ వరి పండదు. చలి ఎక్కువ. బంగాళదుంపలు పండుతాయి, క్యాబేజీ అయితే చాలా పెద్దది పండుతుంది."

మాలో ఎవరమూ ఏమీ అడగలేదు.

బావ గురించి మీకు ఒకటి చెప్పాలి. ఆయన ఏ ఊరు పోయినా మొదట అడిగేది ఒక్కటే, "ఈడ వరి పండుతదా?" కాశ్మీరులో పడవ నడిపేవాడిని అడిగాడు. సింగపూరు ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ అతన్ని అడిగాడు. ఎదుటివాడికి తెలుగు వస్తుందో రాదో ఆయనకు పట్టదు. నేను సిగ్గుతో చచ్చిపోతూ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేదాన్ని. పండదని తెలిస్తే, పాపం వీళ్లు ఏం తింటారో అన్నట్టు తల ఊపేవాడు. ఈ సంగతి ఆ అలాస్కా ఆమెకు మేం ఎప్పుడూ చెప్పలేదు. బావ అనే మనిషి ఉండేవాడని కూడా ఆమెకు తెలియదు.

అక్క వెనక్కి తిరగలేదు. స్క్రీను వైపే చూస్తూ, మెల్లగా, పెళ్లిళ్లలో పక్కన కూర్చున్న మొగుణ్ణి అదుపు చేసినట్టు, "ఊకోండి జర" అంది.

వరి గురించి అడిగిందెవరని నేను ఆమెను అడిగాను. ఏమడుగుతున్నానో ఆమెకు అర్థం కాలేదు. "మీ నాలుగో ఆయనే, ఆ వెనక కూర్చున్నారు కదా" అంది. నేను ల్యాప్‌టాప్ తిప్పి ఆ కుర్చీ పూర్తిగా కనపడేలా పెట్టాను. ఆమె చూసి, "ఓ, లేచి వెళ్లారా" అని మళ్లీ బస్సు సంగతిలో పడిపోయింది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు సరిగా గుర్తులేదు. అక్క పేరు తీయమని మాత్రం నేను చెప్పలేదు.

మా ఆయన అప్పటికే దేవుడి గదిలోకి పరిగెత్తాడు. విభూతి తెచ్చి ముందు ల్యాప్‌టాప్‌కు పూసి, తర్వాత నాకు పూయబోయాడు. చెయ్యి తోసేశాను.

తర్వాత నేను చేయాల్సిన పరీక్షలన్నీ చేశాను. నాలుగు అన్న మాట మా ఆయన పుణ్యమే, నా మెయిల్ ఆమె మర్చిపోయి ఉంటుంది, దాంతో పేచీ లేదు. మరి వరి? మా ఆయన ఎప్పుడైనా అడిగాడేమోనని నిలదీశాను. తల్లి మీద ఒట్టేశాడు. ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, అవి మామూలుగానే ఉన్నాయి. పక్కింటి మాటలు వినపడ్డాయా అంటే, ఆదివారం ఆ ఇంటికి తాళం. ఇండియావాళ్లందరూ వరి గురించి అడుగుతారని ఆమె ముందే చెప్పేసిందా అంటే, అప్పుడు కుర్చీలో మనిషి ఎందుకు?

ఇంకోసారి మాట్లాడినప్పుడు, ఆయన ఏ భాషలో అడిగాడని ఆమెనే అడిగాను. ఆమె అది గమనించలేదంది, అర్థమైంది కాబట్టి జవాబు చెప్పానంది. బతికున్నన్నాళ్లూ రాని ఇంగ్లీషు చచ్చాక వచ్చిందా మా బావకు? నేను ఇంత వెటకారంగా ఆలోచించినా, ఆమె చెప్పిన జవాబు మాత్రం అక్కడే ఉంది. దానికి నేను ఇప్పటికీ కారణం చెప్పలేను.

ఆ రోజు కాల్ అయిపోయాక అక్క చేతులు కడుక్కుని వచ్చి ఉప్మా పెట్టమంది. నేను పెట్టి, ఎదురుగా కూర్చుని, నీకేమైనా వినపడిందా అని అడిగాను.

"నాకేం ఇనపడలే" అంది. కాస్త తిని మళ్లీ అంది, "ఆమె జవాబు ఇని, గాయన ఏమడిగిండో తెలిసింది, అంతే."

ప్లేటు పక్కకు జరిపింది. అప్పుడు ఏడ్చింది. "ఏడాది సంది గా ఇంట్ల ఒక్కదాన్నే పంటున్న చెల్లె. పిలిచి సూసిన, తిట్టి సూసిన. లైటు తీసేసి సుత సూసిన. నాకొక్క మాట ఇనపడలే. గాడెక్కడనో కూసున్న ఆమెకు ఇనపడ్డది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "నా పేరు తీయకు. గాడికే పోదాం" అంది.

బావ తమ్ముడికి ఆమే ఫోన్ చేసి చెప్పింది. వాడు ఇప్పుడు మాతో మాట్లాడటం లేదు, ఆ మేరకు లాభమే. రైలు, లాడ్జి, బుల్లి విమానం అన్నీ ఖాయమయ్యాయి. అక్క ఉన్ని స్వెట్టర్లు కొనుక్కుంది, రాత్రిళ్లు ఇంట్లో లైటు వేసుకుంటోంది. వారానికోసారి ఫోన్ చేసి, ఇంకెన్నాళ్లుంది అని అడుగుతోంది.

దయ్యాలు ఉండవని నేను పాతికేళ్లుగా పిల్లలకు చెప్తున్నాను, రేపు కూడా అదే చెప్తాను. కానీ అంత దూరం పోయి, ఆ కొండ కింద లాడ్జిలో కూర్చున్నాక కూడా అక్కకు ఏమీ వినపడకపోతే ఏం చేయాలో నాకు తెలియడం లేదు.