మీటరు లైటుకు దండం

కారు విషయంలో మా మామకు సలహా చెప్పి బాగుపడినవాడు లేడు. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు పిల్లనిచ్చినవాడు కూడా, కాబట్టి నాకు తప్పించుకునే దారి రెండు వైపులా మూసి ఉంది. కోయంబత్తూరు దగ్గర అన్నూరులో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. ఊళ్ళో అందరి బండ్లకూ వైరింగు నేను చెప్పినట్టు జరుగుతుంది. మామ బండికి మాత్రం మామ చెప్పినట్టు జరుగుతుంది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు నేను చేత్తో పట్టుకుని చూపించినా లాభం లేదు.

అత్తకు షుగరు. కాలి పుండుకు కట్టు మార్పించడానికి వారానికి రెండుసార్లు కోయంబత్తూరు ఆసుపత్రికి పోవాలి. టోకెను దొరకాలంటే చీకటితోనే బయలుదేరాలి. అలా పోతూ ఒకరోజు మామ ఇంజను ఉడికించేశాడు. వేడి చూపించే సూది ఎర్రగీత దాటిపోయినా ఆయన చూడలేదు. మీటరులో బల్బు మసకగా ఉందని ఆయన అన్నాడు. బల్బు కాదు, నాన్న కన్నే మసకగా ఉందని నా భార్య అంది. కొత్త లైట్లు వేసి చూడు, అప్పుడూ కనబడకపోతే కారు తాళం నువ్వే లాక్కోవాలి అని నాకు ఆర్డరు వేసింది. కూతురివి, నువ్వే అడగవచ్చు కదా అన్నాను. తను అడిగితే ఆయన ఏడుస్తాడట, నేనడిగితే తిడతాడట, తిడితేనే నయమట. పెళ్ళప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మామ మూడు మీటర్లున్న డబ్బా తెచ్చాడు. వేడికొకటి, ఆయిలుకొకటి, బ్యాటరీకొకటి. నీలం లైట్లు, కల్యాణమండపం గేటుకు వేసే రకం. డాష్‌బోర్డు మీద బిగించి, లైట్ల వైరును పార్కింగ్ లైటు వైరుకు కలిపేశాను. ఆ కారుకు అలారం ఉందన్న సంగతి నాకు తెలుసు. పెట్టింది నేనే. లాకు చేసినా తీసినా అది బీప్‌మని పార్కింగ్ లైట్లను మిణుక్కుమనిపిస్తుంది. అదే వైరుకు మీటర్లను కలిపితే అవి కూడా మిణుకుతాయి. పని నేర్చుకునేవాడు చేసే తప్పు ఇది. ముప్పై ఏళ్ళ అనుభవంతో నేను చేశాను.

మా ఇళ్ళలో ఒక అలవాటుంది. పొద్దుగూకాక దీపం వెలిగితే చూసినవాళ్ళు చేతులు జోడించాలి. నూనె దీపమే కానక్కరలేదు. కరెంటు పోయి వస్తే ట్యూబులైటుకు కూడా పెడతాం. మామ అయితే ఫ్రిజ్జు తలుపు తీసినా పెడతాడు. ఇక ఆ కారుతో ఆయనకు తీరిక లేకుండా పోయింది. సాయంత్రం వీధిలో నిలబడి లాకు చేస్తాడు, బీప్‌మంటుంది, మీటర్లు నీలంగా మెరుస్తాయి, దండం. తీస్తాడు, రెండు బీపులు, రెండు దండాలు. పూలమ్మే ఆమె కారులో ఏ దేవుణ్ణి పెట్టారని నన్నడిగింది. టెంపరేచర్ మీటరమ్మా అన్నాను. ఆమె కూడా ఒక దండం పెట్టి పోయింది.

ఇదంతా వాకిట్లో నుంచి చూసిన నా భార్య కళ్ళు తుడుచుకుంది. నాన్నకు కనబడుతోంది, ప్రతి మెరుపుకూ దండం పెడుతున్నాడు, పాపం నేనే ఊరికే అనుమానపడ్డాను అంది. తాళం మాట అంతటితో పోయింది. నాకూ గుండెల మీది బండ దిగింది, అబద్ధమెందుకు.

కానీ వీధి వీధంతా నవ్వుతుంటే వైరింగు చేసినవాడికి పరువన్నది ఒకటుంటుంది కదా. ఒక సాయంత్రం ఆయన ఇంటికి పోయి సరిచేశాను. మీటర్ల వైరును లైట్ల స్విచ్చు దగ్గరికి మార్చి, అక్కడినుంచి పార్కింగ్ లైట్లకు పోయే వైరులో ఒక డయోడు పెట్టాను. డయోడంటే కరెంటుకు ఒకవైపే తెరుచుకునే తలుపు. స్విచ్చు వేస్తే మీటర్లూ వెలుగుతాయి, పార్కింగ్ లైట్లూ వెలుగుతాయి. అలారం పంపే కరెంటు మాత్రం వెనక్కి మీటర్లదాకా రాలేదు.

మామ స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్క సీటులో, ఊడదీసిన స్విచ్చును వైర్లతో సహా చేతిలో పట్టుకుని ఉన్నాను. అలారం రిమోటు నా ఒళ్ళో ఉంది, తాళం ఆయన జేబులో ఉంది. అత్త కాఫీ గ్లాసుతో కారు తలుపు పక్కన నిలబడింది. అప్పటికి చీకటి పడుతోంది.

స్విచ్చు నొక్కాను. మూడు మీటర్లూ భగ్గున వెలిగాయి. అత్త గ్లాసు బానెట్టు మీద పెట్టి చేతులు జోడించింది. మామ నేరుగా ముందుకు చూస్తున్నాడు.

"ఇంకెంతసేపప్పా? సుమ్మా ఊరికే కూర్చోబెట్టినావు" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. స్విచ్చు ఆపి, అలారం సంగతి చూద్దామని రిమోటు నొక్కాను. బీప్‌మంది. బయట పార్కింగ్ లైట్లు మెరిశాయి. మీటర్లు నల్లగా, చచ్చినట్టున్నాయి. నా డయోడు బాగా పనిచేసింది.

మామ ఆ నల్లటి మీటర్లకు చేతులు జోడించాడు.

"ఇప్పుడు జోరుగా ఉండాది" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఈయన దండం పెట్టింది బీపుకు. ఏమప్పా పలకవు అని రెండుసార్లు అడిగాడు. మీటర్లు వెలగలేదు మామా, ఇందాక వెలిగించినప్పుడు మీరు చూడలేదు అని చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు పట్టినంత సేపట్లో ఒక బండికి వైరింగంతా మార్చవచ్చు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అత్త, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది.

"ఇంజను ఉడికినప్పటినుంచి సూది ఎక్కితే నేనే చెప్తా ఉండా. ముందర లారీ ఉంటే కూడా నేనే చెప్తా ఉండా."

నెలల తరబడి, వారానికి రెండుసార్లు, చీకట్లో, ఇద్దరూ అలాగే పోయి వచ్చారు.

మామ స్టీరింగు మీది నుంచి చేయి తీశాడు. తరువాత జేబులోంచి తాళం తీసి, నా చేయి ఎక్కడుందో తడిమి చూసి, అరచేతిలో పెట్టాడు. సోమవారం టోకెనుకు ఐదింటికే పోవాలి, లేటు చేయవద్దు, అత్త కాలు చాపుకోవడానికి సీటు వెనక్కి జరపాలి అని వరుసగా చెప్పాడు. అన్నిటికీ సరే అన్నాను.

"ఆ లైటు ఇంకోసారి వెయ్యి" అన్నాడు.

వేశాను.

"వెలుగుతా ఉండాదా?"

"వెలుగుతోంది మామా."

ఆయన చేతులు జోడించాడు.