ఊడని ముడి

మా పెద్దనాన్న దారం ముట్టుకునే ముందు వేళ్లు నాలుకకు అద్దుకునేవాడు. మా నేతగాళ్ల వాడ జోడ్‌భావి పేట్‌లో మగ్గం మీద చద్దర్లు నేసి నేసి వచ్చిన అలవాటు అది. తెగిన పోగుకు ఆయన ముడి వేస్తే అదెక్కడుందో కంటికి దొరికేది కాదు.

తొంభైల చివర్లో మా ఇంటికి కంప్యూటర్, మోడెం వచ్చాయి. ఒకరోజు ముంబై వ్యాపారి మేం నేయాల్సిన టవల్ డిజైన్‌ను మెయిల్‌లో పంపుతానన్నాడు. మధ్యాహ్నంలోగా జవాబు రాకపోతే పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. సరిగ్గా ఆ రోజే ఇంటర్నెట్ కలవలేదు. మోడెం ఆపి మళ్లీ పెట్టాను. ఫోనెత్తితే అసలు చప్పుడే లేదు.

పెద్దనాన్న గోడ వెంట ఫోన్ తీగను తడుముకుంటూ పోయి, కిటికీ దగ్గర ఎలుక కొరికి తెంపిన చోటు పట్టేశాడు. వేళ్లు నాలుకకు అద్దుకుని, పైనున్న ప్లాస్టిక్‌తో సహా రెండు కొసలనూ కలిపి ముడేశాడు.

"ఇగ పక్కా. పెట్టు బిడ్డా."

పెట్టాను. కలవలేదు.

"ముడి ఊడిందా ఏంది?"

"లేదు పెద్దనాయనా, గట్టిగనే ఉన్నది."

"మరెందుకు పోతలేదు?"

అప్పుడు నాకూ తెలియదు. ఇద్దరం ఆ ముడినే చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటిపోయింది.

మూడోనాడు లైన్‌మన్ వచ్చి ముడిని కత్తిరించి పడేశాడు. ప్లాస్టిక్ ఒలిచి లోపలి రాగి తీగలను మెలిపెట్టాడు. ఇంటర్నెట్ కలిసింది. పని వేరేవాళ్లకు ఇచ్చేశానని వ్యాపారి రాసిన మెయిల్ వచ్చింది.

పెద్దనాన్న కిందపడ్డ ముక్కను ఏరుకున్నాడు. రెండు చివరలూ పట్టి బలంగా లాగి, నా ముందు పెట్టాడు.

"సూడు బిడ్డా, ఊడలే."