భయం కొద్దీ పెట్టించిన రెండో బేటరీ

ఆ రోజుల్లో నేను భయపడటానికి కారణమంటూ ఒకటి ఉండాలన్న నియమమేమీ ఉండేది కాదు. (మరీ పాత రోజులేం కావు, అయిదారేళ్ళ కిందటి మాటే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో వేరే పిల్ల సంగతి చెబుతున్నట్టే ఉంటుంది.) లారీ హారనంటే భయం, లిఫ్టంటే భయం, గ్యాసు పొయ్యి వెలిగించాలంటే ముఖం వెనక్కి తిప్పుకుని చెయ్యి మాత్రం ముందుకు చాచేదాన్ని. అన్నిటికన్నా ఎత్తంటే భయం. ఇలాంటి నాకు దేవుడిచ్చిన మొదటి ఉద్యోగం ఏమిటయ్యా అంటే, విజయనగరంలో ఇళ్ళ మేడల మీద సోలారు పలకలు బిగించే షాపులో సర్వే చేసే పని. ఇంటింటికీ వెళ్ళి, మేడెక్కి, ఎండ ఎటు పడుతుందో నీడ ఎటు నుంచి వస్తుందో చూసి, ఎన్ని పలకలు కావాలో, ఎంత బేటరీ కావాలో తేల్చి చెప్పాలి. నేను డిప్లొమాలో కరెంటు చదివాను గానీ ఎక్కడం చదవలేదు.

అయినా ఆరు నెలలు నెట్టుకొచ్చాను. ఎలాగంటే, నిచ్చెన దగ్గర నిలబడి, "మీ ఇల్లు మీకు తెలిసినట్టు మాకు తెలుస్తుందా సార్, మీరే ఒకసారి పైకెళ్ళి నాలుగు ఫోటోలు తీసి తెండి" అని ఎంతో వినయంగా అనేదాన్ని. జనం దాన్ని మర్యాద అనుకునేవారు. మా ఓనరు గారు కూడా అనుకున్నారు, పాపం. (ఆయన్ని మేమంతా చాటుగా 'చాలమ్మా గారు' అనేవాళ్ళం. పలకలు ఎన్ని, వైరు ఎంత, ఫిట్టర్లు ఎందరు, ఏది అడిగినా ముందు 'చాలమ్మా' అనేసి, తర్వాత కాగితం చూసేవారు. నిజం చెప్పాలంటే ఆయన లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.)

అలాంటప్పుడు మావ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. మావంటే మా అమ్మకి తమ్ముడు. భోగాపురం దాటి సముద్రం వైపు వెళితే వాళ్ళ ఊరు. మావ వేటకి వెళతాడు, అత్త చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముతుంది, అమ్మమ్మ మంచం మీద నుంచి ఇద్దరినీ ఏలుతుంది. అమ్మమ్మ వయసంతా అడ్డ చుట్ట కాల్చిన మనిషి, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు ఆడవాళ్ళకి అదొక అలవాటు. దాంతో ఊపిరితిత్తులు పాడై, రోజులో సగం సేపు ఆక్సిజన్ మిషను పెట్టుకుంటే గానీ ఆయాసం ఆగేది కాదు. అంతకు ముందు తుపానుకి కరెంటు మూడు రోజులు పోతే, ఆవిణ్ణి ఆటోలో పడుకోబెట్టి, మావ ముందు నడుస్తూ దారికడ్డం పడ్డ కొమ్మలు నరుక్కుంటూ ఆస్పత్రికి తెచ్చారు. అప్పటికే పెదాలు నీలమైపోయాయి. "ఇంకోసారి అలగయితే ముసిల్ది దక్కదే. నీకు తెలిసిన పనే గదా, ఏం పెట్టాలో నువ్వే సెప్పు," అన్నాడు మావ. ఎవరింటికో అయితే తప్పు చేస్తే తిడతారు. ఇక్కడ తప్పు చేస్తే అమ్మమ్మకి ఊపిరాడదు.

ఆ ఆదివారం వాళ్ళింటి వసారాలో పెద్ద సభే జరిగింది. పలకలు మాత్రమే పెట్టి వీధి లైనుకి కలిపేస్తే బిల్లు తగ్గుతుంది గానీ, లైన్లో కరెంటు పోతే పలకలూ ఆగిపోతాయని చెప్పాను. మావ నమ్మలేదు. "ఎండుంటాది గదే? ఎండుంటే ఎందుకు పని సెయ్యదు?" అన్నాడు. స్తంభం మీద పని చేసేవాళ్ళకి షాకు కొట్టకుండా అవి వాటంతట అవే ఆగుతాయని చెప్పాక, "అయితే బేటరీ కావాలన్నమాట," అన్నాడు. నీళ్ళు పోసే పాత రకం బేటరీ వద్దన్నాను, ఊపిరి లేని మనిషి ఉన్న ఇంట్లో ఆ యాసిడ్ వాసన ఎందుకని. లిథియందే పెడదామన్నాను. అప్పుడే సంత నుంచి వచ్చిన అత్త బుట్ట దించకుండానే, "అది పేలిపోతాదంట గదే! ఫోన్లు పేల్తన్నాయని టీవీలో సూపించినారు," అంది. ఇంటికి పెట్టే రకం అలా పేలదని చాలా ధైర్యంగా చెప్పాను. (చెబుతూ నేను నిలబడ్డది తలుపు చాటున.) మంచం మీద నుంచి అమ్మమ్మ, "దాని పక్కన సుట్ట కాల్సుకోవచ్చేటి?" అని అడిగింది. బేటరీ సంగతి సరే, ఆక్సిజన్ గొట్టం ముక్కున పెట్టుకుని చుట్ట మాట ఎత్తినందుకు నా గుండె ఆగినంత పనైంది. తలగడ కింద వెతికితే రెండు చుట్టలు, ఒక అగ్గిపెట్టె దొరికాయి. మావ వాటిని పట్టుకెళ్ళి సముద్రంలో పారేసి వచ్చాడు. అమ్మమ్మ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఇక మిగిలింది మేడ. సగం దాకా మెట్లు, అక్కణ్ణుంచి వెదురు నిచ్చెన. మెట్లకి పిట్టగోడ లేదు. మూడు మెట్లెక్కి, సముద్రపు గాలికి చున్నీ ఎగిరేసరికి కళ్ళు తిరిగి కిందికొచ్చేశాను. సర్వే కాగితంలో 'పైకప్పు ఖాళీగా ఉందా?' అని ఒక ప్రశ్న ఉంటుంది. "మావా, మేడ మీద ఏటైనా ఉన్నాదా?" అని అడిగాను. "మేడ మీద ఏటుంటాదే? కాళీయే," అన్నాడు. మావ చీకటితోనే వేటకి పోయి ఎండెక్కాక వచ్చి పడుకునే మనిషి, మేడ ఎన్నాళ్ళై ఎక్కలేదో ఆయనకే తెలియదు. అత్తని అడగాలని నాకు తోచలేదు. 'ఖాళీ' అని రాసేశాను.

ఎంత బేటరీ అన్నది షాపులో తేల్చాలి. మిషను తాగేది, ఒక ఫేను, రెండు లైట్లు అన్నీ కూడితే ఒక బేటరీతో పగలూ రాత్రీ గడుస్తాయి. "ఒకటి చాలమ్మా, మర్నాడు ఎండ రాదేంటి?" అన్నారు ఓనరు గారు. రాకపోతే? నాకు అమ్మమ్మ నీలం పెదాలు కనబడ్డాయి. కాగితం మీద ఒకటి కొట్టేసి రెండు రాశాను. కారణం రాయాల్సిన చోట 'కస్టమర్ కోరిక' అని రాశాను. మావకి ఫోన్ చేసి, "మిషను ఉన్న ఇళ్ళకి రెండు పెట్టాలని కంపెనీ రూలు మావా," అన్నాను. ఒకే పూటలో ఇద్దరికి రెండు అబద్ధాలు. రెండో బేటరీ కోసం మావ ఆ ఏడు కొనాలనుకున్న కొత్త వల మానుకున్నాడని తర్వాత అత్త చెప్పింది. అప్పటి నుంచి ఫోన్ మోగితే చాలు, అబద్ధం బయటపడిందేమో అని ఉలిక్కిపడేదాన్ని.

వేసవిలో ఫిట్టర్లు వెళ్ళి అన్నీ బిగించి వచ్చారు. "మేడ మీద ఏవో పరదాలు, చాపలు ఉంటే తీసి కింద పెట్టాం," అన్నారు. పాత సామాను కాబోలనుకున్నాను. బేటరీలో ఎంత ఉందో, పలకల నుంచి ఎంత వస్తోందో నా ఫోన్లోనే కనబడేది. పొద్దున్న లేచి దేవుడికి దణ్ణం పెట్టకముందే అది చూసుకునేదాన్ని. రోజూ మధ్యాహ్నానికి వంద శాతం నిండేది.

దసరా వెళ్ళాక వాయుగుండం అన్నారు, తర్వాత తుపానన్నారు, శుక్రవారం తీరం దాటుతుందన్నారు. దానికి ముందు వచ్చిన గాలికే ఎక్కడో స్తంభం ఒరిగి మావ వాళ్ళ ఊళ్ళో మంగళవారమే కరెంటు పోయింది. ఎండ మాత్రం మాడ్చేస్తోంది, కాబట్టి నేను భయపడకుండా ఉండటానికి మొదటిసారి ప్రయత్నించాను. బుధవారం పొద్దున్నకి బేటరీలో అరవై రెండు ఉంది. మధ్యాహ్నానికి నిండాల్సింది, నిండలేదు. గురువారం పొద్దున్నకి ఇరవై ఎనిమిది! పలకల నుంచి వచ్చేది చూస్తే దాదాపు సున్నా. నా లెక్క తప్పిందా? పలకలు తిరగేసి బిగించారా? "ఏదో వైరు లూజయి ఉంటుందమ్మా," అన్నారు ఓనరు గారు. ఫిట్టర్లంతా సాలూరు వైపు పనిలో ఉన్నారు. మావకి చేస్తే ఫోన్ ఎత్తలేదు. ఇరవై ఎనిమిదంటే ఆ రాత్రి గడవదు. బేగ్ భుజాన వేసుకుని బస్సెక్కాను.

దిగి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళేసరికి పదైంది. మగాళ్ళంతా ఒడ్డున పడవలు పైకి లాగుతున్నారు. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతీ మిషను పెట్టుకుని పడుకుని ఉంది. "అమ్మమ్మా, అత్తేదీ?" అన్నాను. చెయ్యి పైకి చూపించి, "మేడెక్కినాది," అంది. అప్పుడు ఎలా ఎక్కానో నాకు తెలియదు. మెట్లు పాక్కుంటూ ఎక్కాను. నిచ్చెన కళ్ళు మూసుకుని ఎక్కాను. (కళ్ళు మూసుకుని నిచ్చెన ఎక్కకూడదని మా షాపులో గోడ మీద బోర్డే ఉంది.) పైకెళ్ళి కళ్ళు తెరిస్తే పలకలు లేవు. పలకలుండాల్సిన చోట వెండిలా తళతళలాడుతూ చిన్న చేపలు, నెత్తళ్ళు ఉన్నాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా, వేలెడు సందు లేకుండా పరిచిన నెత్తళ్ళు. మధ్యలో అత్త, ఆ వీధి ఆడవాళ్ళు నలుగురు, వాటిని తిరగేస్తున్నారు.

"ఓలమ్మో, నువ్వు మేడెక్కినావేటే!" అంది అత్త, చేతిలో చీపురుతో. నాకు ఏడుపొచ్చేసింది. "అత్తా, ఇదేం పని? పలకలకి ఎండ తగలకపోతే బేటరీ ఎలా నిండుతుంది?" అత్త ముఖం వెలవెలబోయింది. "ఎండ తగలాలా? అద్దం వేడెక్కితే సాలనుకున్నానే. సెయ్యెడితే కాల్తన్నాది గదా, పని సేస్తన్నాదనుకున్నాను," అంది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆ మేడ ఎప్పటి నుంచో ఆ వీధి ఆడవాళ్ళకి చేపలు ఎండబెట్టుకునే చోటు. పలకలొచ్చాక ముసలమ్మ ఊపిరి కోసం గదా అని నోరు మూసుకుని ఒడ్డున ఇసకలోనే ఎండబెట్టుకుంటున్నారు. తుపాను కబురుతో పడవలన్నీ ఒకేసారి సరుకు తెచ్చేశాయి, అలలు పైకొచ్చి ఇసకంతా తడిసిపోయింది, వాన పడేలోగా ఎండకపోతే అంతా పారబోసుకోవాలి. "ఇక్కడయితే కుక్కలెక్కవు, ఇసకంటదు, ఒక్క పూటలో గలగల ఎండుతన్నాయి. నువ్వు కాయితం రాసినప్పుడు ఈ మేడ మీద ఏటి సేత్తారని నన్నడిగినావేటే?" అంది.

అడగలేదు. మూడు మెట్లెక్కి దిగిపోయినదాన్ని ఏం అడుగుతాను? ఆ క్షణాన మేడ మీద నుంచి పడిపోతానన్న భయం పోయి, అంతకన్నా పెద్దదైన సిగ్గు వచ్చి కూర్చుంది. "బేగి తియ్యండర్రా!" అని అత్త కేకేస్తే, వీధి వీధంతా ఎక్కింది. బుట్టల్లోకి ఎత్తేశారు, బిందెలతో నీళ్ళందించారు, జిడ్డు పోయేలా పాత చీరలతో తుడిచారు. నేను కూడా మేడ అంచున కూర్చుని తుడిచాను, కిందికి ఒక్కసారీ చూడకుండా. పదకొండున్నరకి ఫోన్లో అంకె కదిలింది. నాలుగు గంటలకి మబ్బు కమ్మేసరికి ఎనభై దాకా ఎక్కింది. నెత్తళ్ళు సగం ఎండీ ఎండకుండా వంటింట్లో, మంచాల కింద, ఆఖరికి బేటరీ గదిలో కూడా పరిచారు. ఆ వాసనకి మాకందరికీ ఆక్సిజన్ అవసరమయ్యేలా ఉంది.

శుక్రవారం తుపాను రానే వచ్చింది. దారులు మూసుకుపోయి నేనక్కడే ఉండిపోయాను. గాలి తలుపులు బాదుతుంటే నేను అమ్మమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుని అంకెలు చదివాను. అరవై. నలభై. ఫేను ఆపేశాం, లైటు ఆపేశాం. శనివారం మధ్యాహ్నానికి పద్దెనిమిది ఉండగా మబ్బు విడి ఎండ కాసింది. మిషను ఒక్క నిమిషం ఆగలేదు. బేటరీ ఒక్కటే అయితే బుధవారమే ఆగిపోయేది. ఆ సంగతి మావ కూడా లెక్కేసుకున్నట్టున్నాడు, వసారాలో నా పక్కన కూర్చున్నాడు. ఇక దాచలేకపోయాను. "మావా, కంపెనీ రూలు లేదు. అబద్ధం చెప్పాను. షాపులో ఒకటి చాలన్నారు," అన్నాను. "తెలుసే," అన్నాడు మావ. "ఆ రోజే మీ షాపుకి ఫోన్ సేసినాను. ఒకటి సాలని మీ ఓనరు సెప్పినాడు. గుంట భయపడతన్నాది, దాని భయం తీరనీ, వలదేముందిలే అనుకున్నాను." లోపలి నుంచి అమ్మమ్మ, "నీ సదువు కాదే, నీ పిరికితనమే నన్ను బతికించినాది. ఇపుడైనా నా సుట్టలు నాకిప్పించు," అంది.

అమ్మమ్మ ఆ తర్వాత ఇంకో రెండు తుపాన్లు చూసి వెళ్ళిపోయింది. మావ పలకల పక్కన అత్తకి వెదురుతో పందిరి కట్టించాడు. సంతల్లో అత్త సరుకుని ఇప్పటికీ 'సోలారు నెత్తళ్ళు' అనే అడుగుతారు. నేనిప్పుడు ఎవరి మేడైనా గబగబా ఎక్కేస్తాను, ఎక్కే ముందు ఆ ఇంటి ఆడవాళ్ళని పైన ఏమేం ఎండబెడతారని అడుగుతాను. వడియాలు, మిరపకాయలు, చింతపండు, అన్నీ కాగితం మీద రాసుకుంటాను. ఈమధ్య నెల్లిమర్లలో ఒకావిడ, వాళ్ళ మామగారికి అలాంటి మిషనే, భయం భయంగా "బేటరీలు రెండు పెట్టించమంటారా?" అని అడిగింది. నేను కాగితం మీద నుంచి తలెత్తకుండానే "ఒకటి చాలమ్మా" అనేశాను. అన్నాక ఆ మాట నా చెవిన పడింది. లెక్క ప్రకారం ఒకటే చాలు, తప్పేమీ లేదు. అయినా పెన్ను ఆగిపోయింది. తలుపు చాటున నిలబడి ధైర్యం చెప్పిన ఆ పిరికి పిల్ల ఇంకా ఎక్కడైనా ఉందేమోనని కాసేపు వెతుక్కున్నాను. తర్వాత ఒకటి కొట్టేసి రెండు రాశాను. కారణం రాయాల్సిన చోట, ఈసారి అబద్ధమాడకుండా, 'భయం' అని రాశాను.