పన్నెండు మంది పరీక్ష నేనొక్కణ్ణే రాసిన వైనం

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేమీ కాదు, సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని గట్టులెక్కే రోజులే) చేతికి సర్టిఫికెట్ వచ్చిందంటే పని కూడా వచ్చేసినట్టేనని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. డిప్లొమా కాగానే, ఆత్మకూరు నుంచి మర్రిపాడు పోయే రోడ్డు మీద కల్వర్టు కడుతున్న ఒక కాంట్రాక్టరు దగ్గర సేఫ్టీ సూపర్‌వైజరుగా చేరాను. రోడ్డును సగం తవ్వేశారు. మిగిలిన సగంలోనే ఎర్రజెండాతో ఒకవైపు బళ్ళను ఆపి రెండోవైపు బళ్ళను వదలాలి. ఆ పనిలో ఏళ్ళ తరబడి చెయ్యి తిరిగినావిడను అందరూ జెండా అక్క అనేవారు. ఇంటి దగ్గర అదిలించేది గొర్రెల్ని, ఇక్కడ లారీల్ని. (రెంటిలో గొర్రెలే నయమనేది.)

ఒక ఉదయం మా ఇంజనీరు సారు వచ్చి, "రేపు పై ఆఫీసరు వస్తా ఉండాడు. జెండా పట్టుకునే పన్నెండు మందికీ ఆన్‌లైన్ ట్రైనింగ్ అయినట్టు సర్టిఫికెట్లు ఉండాలంట. సాయంత్రానికి తెప్పించు" అన్నాడు. పని ఆపి వాళ్ళను కూర్చోబెడితే బళ్ళను ఎవరు ఆపుతారు? అందుకని పన్నెండు పేర్లతోనూ నేనే పరీక్ష రాసేశాను. (ఆ తెలివి పూర్తిగా నాదే, ఎవరినీ అనుకోవద్దు.) ట్రైనింగ్ వీడియో ఏదో చలిదేశానిది. కోటు తొడుక్కున్న దొర ఒకడు 'ఆగు' అనే బోర్డు చూపగానే కార్లు పెళ్ళిచూపులకొచ్చినంత మర్యాదగా ఆగుతున్నాయి. నాలుగో పేరుకొచ్చేసరికి ప్రశ్న చదవకుండానే జవాబు నొక్కసాగాను. మంచినీళ్ళకు వచ్చిన జెండా అక్క ఫోన్లోకి తొంగిచూసింది.

"ఏంది అబ్బయా, పొద్దట్నించీ?"

"నువ్వు పాసయినావక్కా. నూటికి నూరు!"

"నేనా? ఎప్పుడు రాసినాను?"

"ఇప్పుడే."

"సరే, ఇంట్లో చెప్తాలే" అని నవ్వుకుంటూ పోయింది.

మర్నాడు ఆఫీసరు సర్టిఫికెట్లు తిరగేసి, "బాగుంది. పద్ధతి ఎట్లాగో సూపర్‌వైజరే చూపించాలి" అన్నాడు. ఆత్మకూరు వైపు జెండా అక్క, మర్రిపాడు వైపు నేను. వీడియోలో దొర ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడే, రోడ్డుకు అదే పక్కన, అలాంటి బోర్డే పట్టుకుని నిటారుగా నిలబడ్డాను. ఆ దేశంలో బళ్ళు కుడిపక్కన నడుస్తాయనీ, మనకు అది తిరగబడుతుందనీ నాకు తట్టనే లేదు. దానికి తోడు ఆ పక్కనే నిలువెత్తు కంకర కుప్ప. వంపు తిరిగి వచ్చిన లారీకి నేనూ కనపడలేదు, నా బోర్డూ కనపడలేదు. అటు నుంచి అక్క వదిలిన బస్సు అప్పటికే సగం దూరం వచ్చేసింది. బోర్డు ఊపుతూనే ఉన్నాను, కుప్ప వెనకాల.

జెండా అక్క చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నత్తనడకన వస్తున్న బస్సును దాటి పరిగెత్తుకొచ్చింది. "ఒరే, ఆపరా! గుంటలో పడతావు!" అని లారీకి ఎదురుగా జెండా విసిరింది. బ్రేకులు కీచుమన్నాయి. లారీ, బస్సు మూరెడు దూరంలో ముఖాముఖి నిలిచాయి. బస్సు కిటికీల్లోంచి నాకు దొరికిన బిరుదులు ఇక్కడ రాయలేను. అక్క మాత్రం తాపీగా లారీని వెనక్కి నడిపించి దారి ఇప్పించింది.

"వీళ్ళకు ట్రైనింగ్ ఇచ్చిందెవరు?" అన్నాడు ఆఫీసరు.

అక్కే అంది: "ఈ అబ్బయే సార్. పాపం, మాకు కష్టం లేకుండా మా చదువులన్నీ తనే చదివినాడు."

(కాపాడిందో, పట్టించిందో నాకు ఈరోజుకీ తేలలేదు.) పన్నెండు సర్టిఫికెట్లూ రద్దయ్యాయి. వారం రోజులు అక్క పక్కన నిలబడి పని నేర్చుకోవాలన్నది నా శిక్ష. మొదటిరోజే చెప్పింది: "డ్రైవరు మొహం చూడబాక, టైర్లు చూడు. మొహం ఆగతాననే అంటాది."

ఇప్పుడు కలిగిరి బస్సులో ముందు సీట్లో కూర్చుంటే, దూరంగా ఎర్రజెండా కనపడగానే నా కుడికాలు దానంతటదే లేని బ్రేకును గట్టిగా తొక్కుతుంది. మా ఆవిడ చూసి, "బస్సు నువ్వేనా తోలేది?" అంటుంది. నవ్వేసి కాలు వెనక్కి తీసుకుంటాను. బస్సు ఆగాకే.