మిల్లు అయస్కాంతం, ఏటి చేపలు

మా చిన్నప్పుడు... ఉరవకొండ వైపు మా ఊళ్లో ఏరు పారిందంటే పండగ కిందే లెక్క. మిగతా రోజుల్లో అందులో ఇసుక, ముళ్లకంప, మా మేకలు... అంతే.

ఏరు పారినప్పుడు ఎరుకల నాగక్క వెదురుతో తానే అల్లిన ఊత పట్టుకుని నీళ్లలోకి దిగేది. ఊత అంటే అడుగు లేని బుట్ట... చేప మీద బోర్లించి, పైనున్న కంతలోంచి చెయ్యి పెట్టి పట్టుకోవడమే. తెల్లారేసరికి మా వీధిలో ఆమె కేక. అమ్మగా మిగిలినవి ఆమె పిల్లలకు.

ఒకసారి జీపులో ఎవరో వచ్చారు. ఎగువన పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి ఉండేది. ఆ సీసం నీళ్లలో కలిసి చేపల్లోకి చేరి ఉండొచ్చు, పరీక్ష చేసి చెప్పేదాకా తినొద్దు అన్నారు. డబ్బాల్లో నీళ్లు, నాగక్క బుట్టలోంచి రెండు పెద్ద చేపలు తీసుకుని వెళ్లిపోయారు.

"పరీచ్చకు పెద్దవే కావాల్నా? చిన్నవాటికి సీసం పట్టదా?" అని జీపు వెనక అరిచింది నాగక్క.

మరునాడు ఆమె బుట్ట వైపు ఎవరూ రాలేదు. మా అవ్వ కూడా తలుపు వేసుకుంది... సందులోంచి మాత్రం చూస్తూనే ఉంది.

"మీరు కొనకపోతే పోనీ... నా పిల్లోల్లు దినామూ ఇవే తింటాండారే. వాళ్లకేమయితాదో చెప్పేవాడు లేడా?" అని నాగక్క మా అరుగు మీద కూలబడింది.

నాయన శనక్కాయల మిల్లులో పని చేసేవాడు. కాయల్లో మేకులు, ఇనుప ముక్కలు కలిసి వస్తే పట్టడానికి అక్కడొక పెద్ద అయస్కాంతం ఉండేది. నాయన లెక్కలో దేంట్లో లోహం కలిసినా మందు అదొక్కటే.

"ఉండక్కా, ఇప్పుడే తేలుస్తా" అని సైకిలెక్కి పోయి దాన్ని తెచ్చాడు.

చేపలను చాటలో పరిచారు. వీధంతా చేరింది. నాయన ఒక్కో చేప మీదా అయస్కాంతం తిప్పాడు. అంటుకోలేదు... అంటుకోలేదు... "ఏమీ లేదప్పా, తీస్కపోండి!" అనగానే అందరికంటే ముందు చేతులు చాపింది మా అవ్వే.

చివర్లో ఒక పెద్ద కొర్రమీను. అయస్కాంతం దాని మూతి దగ్గరికి రాగానే... టక్కున అంటుకుంది!

జనం ఒక్క దూకు వెనక్కి దూకారు. అవ్వ చేతిలో చేపలు జారిపోయాయి.

నాగక్క మాత్రం కొర్రమీను నోట్లో వేలు పెట్టి లాగింది. ఒక గాలం ముల్లు బయటికొచ్చింది. దానికి తెగిన దారం, దారానికి చిన్న సీసం గుండు.

"అది నా గాలమే! మొన్న తెంపుకపోయింది. చేప గూడా నాదే!" అని పక్కింటి ఓబులేసు ముందుకొచ్చాడు.

"గాలం తీస్కపో ఓబులేసన్నా. చేప మీద నీ పేరు యాడ రాసుండాది?" అంది నాగక్క.

వీధంతా నవ్వుతుంటే నేను ఆ గాలాన్ని మళ్లీ అయస్కాంతానికి అంటించి చూశాను. ముల్లు అంటుకుంది. గుండును ఆనిస్తే... జారి కింద పడింది.

"నాయనా... సీసం దీనికి అంటుకోదే?"

నవ్వులు ఆగిపోయాయి. నాయన గుండును చూశాడు, అయస్కాంతాన్ని చూశాడు, తల గోక్కున్నాడు. "మా మిల్లుకు ఎప్పుడూ సీసం రాలే గదా..."

"పొద్దున్నే చింతపండు నానేసినా, ఇప్పుడా చెప్పేది!" అంది అవ్వ.

అందరూ చేపలను తిరిగి చాటలో పెట్టేశారు. ఆ చింతపండుతో మా ఇంట్లో వంకాయ పులుసు. నాగక్క బుట్ట నెత్తిన పెట్టుకుని, "ఆ జీపు మళ్లా ఎప్పుడొస్తాదన్నా?" అని మాత్రం అడిగింది.

"వస్తాదిలే" అన్నాడు నాయన.

సాయంత్రం ఆమె గుడిసె ముందు పొయ్యి మీద అవే చేపలు... వండడానికి వేరే ఏముంది?

జీపు మళ్లీ రాలేదు.

మిల్లు మూతపడినప్పుడు నాయన అడిగి తెచ్చుకున్న ఆ అయస్కాంతం ఇప్పుడు నా కుట్టుమిషను పక్కన సూదులు పట్టుకుని ఉంది. చేపలేమో ఐసు పెట్టెల్లో వస్తున్నాయి... ఏ నీళ్లవని అడిగితే అమ్మేవాడు నన్ను వింతగా చూస్తాడు.

మొన్న బస్టాండులో నాగక్క కూతురు కనబడింది. "అక్కా, ఆ జీపోల్లు ఏమన్నా చెప్పినారా?" అంది. నవ్వుతూనే అడిగింది గానీ... జవాబు కోసం ఆగింది.

మీ ఊరి ఏటి నీళ్లు, చేపలు కూడా ఎవరైనా పరీక్షకు పట్టుకుపోయారా? తిరిగొచ్చి చెప్పినవాళ్లు ఒక్కరైనా ఉంటే రాయండి... ఆమెకు చెప్పాలి.