గోలు వెనక కూర్చున్న ఏళ్ళు

అమెరికాలో ఆదివారం రాత్రి ఆడే, బంతిని చేత్తో విసురుకునే వాళ్ళ ఫుట్‌బాల్ మనకిక్కడ సింగపూరులో సోమవారం పొద్దున కాఫీ వేళకు వస్తుంది. మొన్న మా అబ్బాయి ఆఫీసుకు తయారవుతూ అది పెట్టాడు. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు; బంతి ముందు వాడి చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో వాడే తేల్చుకోవాలి, జట్టులో ఆ చోటు ఒక్కటే. ఆ రోజు ఆ చోట ఉన్నవాడు నలభైకి దగ్గరపడ్డ మనిషి. అతని తర్వాత ఆ చోటు కోసం గీత బయట టోపీ పెట్టుకుని ఎదురుచూస్తున్న కుర్రవాణ్ణి కెమెరా మాటిమాటికీ చూపిస్తోంది. అంతటివాడి వెనక కూర్చుని నేర్చుకునే అదృష్టం ఎందరికి దొరుకుతుందని వ్యాఖ్యాత తీయతీయగా చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండి కాఫీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టాను.

"కూర్చుంటే ఏం వస్తుందిరా? నడుంనొప్పి వస్తుంది!"

"రిలాక్స్ లా, నాన్నా. హీ ఈజ్ లెర్నింగ్," అని మావాడు ఇక్కడి యాస ఇంగ్లీషులో అనేసి, బూట్లు తొడుక్కుని రైలుకు వెళ్ళిపోయాడు. నా కథ వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. నా ఈడువాళ్ళు కనుక మీకైతే చెప్పుకోవచ్చు.

మాది మలేసియాలో రబ్బరు తోటల్లో పనిచేసి బతికిన తెలుగు కుటుంబం. నాకు మీసాలు సరిగా రాకముందే మా అమ్మ తమ్ముడు నన్ను సింగపూరుకు, జురాంగ్‌లో తను పనిచేసే ఫ్యాక్టరీకి రప్పించాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలకు హాకీ జట్లుండేవి, వాటి మధ్య పోటీలు పెళ్ళిళ్ళంత సందడిగా జరిగేవి. మామయ్య మా జట్టు గోలీ, అంటే గోలు కాసేవాడు. ఆయనకు ఉద్యోగం వచ్చిందే ఆట వల్ల. పేరుకు స్టోర్సులో పని, నీడపట్టున కూర్చోవడం, రాత్రి షిఫ్టు లేకపోవడం, సాయంత్రం కాగానే మైదానానికి వదిలెయ్యడం. తన తర్వాత ఆ గోలు ముందు నన్ను నిలబెడతానని మా అమ్మకు మాటిచ్చి మరీ తీసుకొచ్చాడు.

తీసుకొచ్చి, గోలు వెనక కూర్చోబెట్టాడు. దాటిపోయిన బంతులు ఏరుకురావడం, ఆయన కాళ్ళకు బరువైన ప్యాడ్లు బిగించడం, ఆట అయ్యాక వాటిని ఎండబెట్టడం నా పని. ప్రాక్టీసులో ఒక్క పది నిమిషాలు నిలబడతానంటే, "రేపు చూద్దాంలేరా అల్లుడూ," అనేవాడు. ఆ రేపు రాలేదు. ఇంటికొస్తే మళ్ళీ అదే మనిషి చేపల పులుసులో తలకాయ తీసి నా కంచంలో వేసేవాడు. టోవా పాయో పేటలో ఆయన ఫ్లాట్లోనే ఉంటూ, అత్తయ్య చేతి అన్నం తింటూ, ఆయన్నే కడుపునిండా ద్వేషించాను.

మా జట్టు మేనేజరు ఫ్యాక్టరీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పెద్ద ఆఫీసరు. సీజను ముగిసినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు నీదే, ఓపిక పట్టు, చూసి నేర్చుకో అనేవాడు. ఆ చెయ్యి బరువుకే పొంగిపోయేవాణ్ణి. అప్పటికే మామయ్య మోకాళ్ళు అరిగిపోయాయి. కింద పడితే లేవడానికి గోలు స్తంభం పట్టుకునేవాడు, ఎడమవైపు వచ్చే బంతి ఆయనకు ఆలస్యంగా కనిపించేది. జట్టులో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

చివరికి ఒక ఫైనల్ మ్యాచిలో, వాన వెలిసిన బురదలో, బంతికి అడ్డం పడ్డ మామయ్య లేవలేదు. మోకాలు మెలిపడిపోయింది. ఆయన్ని మోసుకుపోతుండగానే మేనేజరు నాకు చేత్తో సైగ చేశాడు. ఆ ప్యాడ్లు అప్పటిదాకా నేను ఇంకొకరి కాళ్ళకు కట్టానే గాని, వాటితో పరుగెత్తి ఎరగను. మొదటి దెబ్బకే తొందరపడి పడుకున్నాను, బంతి నా మీదుగా పోయింది. ఆ తర్వాతవి ఎలా పోయాయో చెప్పను. ఆట ముగిశాక మేనేజరు అందరి ముందూ ఇంగ్లీషులో అడిగాడు, ఇన్నేళ్ళు చూస్తూ కూర్చుని ఏం నేర్చుకున్నావని.

మరుసటి సీజనుకు బయటినుంచి ఇంకో గోలీ వచ్చాడు. అతనితో మాటలు మేం ఓడకముందే మొదలయ్యాయని తర్వాత తెలిసింది. మామయ్యను ఆ మోకాలితోనే బాయిలరు దగ్గర రాత్రి షిఫ్టుకు మార్చారు.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగేశాను. "నాకెందుకు నేర్పలేదు మామయ్యా?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేర్పితే నువ్వు నిలబడతావురా. నువ్వు నిలబడ్డ రోజు నన్ను బాయిలరుకు పంపిస్తానన్నాడు ఆ మేనేజరు. పిల్లలు చిన్నవాళ్ళు, ఏం చెయ్యమంటావ్? నీకేం చెప్పాడు?"

"వచ్చే ఏడు నాదేనన్నాడు."

"ఒక్కసారేనా?"

"ప్రతి ఏడూ."

అత్తయ్య మా ఇద్దరి మొహాలూ చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. "సుదా," అన్నాడు మామయ్య; అంతా అయిపోయిందనడానికి మా ఇళ్ళలో ఆ మలయ్ మాటే వాడేవాళ్ళం. "ఇద్దర్నీ ఒకరి మీదికొకర్ని తోసి ఆడించాడ్రా అల్లుడూ."

ఆ వారం నుంచే ఆదివారాలు నన్ను బ్లాకు పక్కనున్న మైదానానికి తీసుకెళ్ళాడు. నిలబడలేడు కనుక వంటింటి స్టూలు వేసుకుని కూర్చునేవాడు. బంతిని కాదు, కొట్టేవాడి భుజం చూడమన్నాడు. కర్ర కిందికి దిగేదాకా పడుకోవద్దన్నాడు. అన్నేళ్ళు వెనక కూర్చుని చూసినా ఇవేవీ నాకు కనిపించలేదు. ఎలా కనిపిస్తాయి, నాకు కనిపించిందల్లా ఆయన వీపు! కొన్ని నెలలకు, అక్కడ సరదాగా ఆడుకునేవాళ్ళు ఎటునుంచి కొట్టినా ఆపేస్తున్నాను. ఒక సాయంత్రం అలా వరసగా ఆపి, సంబరంగా వెనక్కి తిరిగితే మామయ్య మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"ఇంక చాలురా. చూడలేను," అన్నాడు.

ఆ ఫైనల్ సంగతి ఊరంతా పాకింది కనుక ఏ జట్టూ నన్ను పిలవలేదు. మామయ్య కుంటుతూనే బాయిలరు దగ్గర రిటైరయ్యాడు, కుంటుతూనే పోయాడు. మేనేజరుకు మాత్రం రిటైరైన రోజున దండలు వేసి, యువకులను తీర్చిదిద్దిన మహానుభావుడని పొగిడి పంపించారు. ఆ సభలో నేనూ చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే అరచేతులు మండుతాయి.

ఇప్పుడు సాయంత్రాలు నేను నడిచే దారిలో ఒక బడి మైదానం ఉంది. ఆడపిల్లలు హాకీ ఆడుతుంటారు. సగం ఆట కాగానే ఒక గోలీ బయటికొస్తుంది, ఇంకొక పిల్ల లోపలికి వెళుతుంది. వెళ్ళే పిల్లకు వచ్చిన పిల్ల చెవిలో ఏదో చెబుతుంది, అవతలివాళ్ళలో ఎవరు ఎటు కొడతారో కాబోలు, ఇద్దరూ పకపకా నవ్వుతారు. వాళ్ళకది ఎవరో చేసిన దయ కాదు, ఆట అంటేనే అంత. నేను కంచె పట్టుకుని చూస్తూ ఉండిపోతాను. ఇంత సులువైన పని! సగం ఆయనది, సగం నాది అని ఒక్కరు అని ఉంటే సరిపోయేది.