కదిలిన చుక్క

యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది నేను వంట చేసే ఇంటి టీచరుగారు. అమలాపురంలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. చూపు మందగించాక, ఏ అనుమానం వచ్చినా కళ్ళజోడు తీసి, "నీ కళ్ళోసారి ఇటియ్యవే" అనేవారు.

దుర్భిణితో తీసిన ఆకాశం ఫొటోలు, ఆసక్తి ఉన్న అందరికీ పంపినట్టే, ఆవిడ కంప్యూటరుకీ వచ్చేవి. కాసేపటికొకటిగా ఒకేచోట తీసిన నాలుగింటిని వరుసగా తిప్పితే నక్షత్రాలు కదలవు, గ్రహశకలమైతే కదులుతుంది. కొత్తది ఒక్కటైనా కనిపెట్టాలని ఆవిడ ఆశ.

ఒకరోజు చుట్టాలకి నా పలక చూపించి, "మా శిష్యురాలింకా వంకర గీతల్లోనే ఉందండీ" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే ఫొటోలు చూడమని పిలిచారు. మూలనున్న చుక్క జరగడం నాకు స్పష్టంగా కనిపించింది.

"ఏదైనా కదిలిందేమిటే?"

"లేదండీ. అన్నీ ఉన్నచోటే ఉన్నాయండీ."

ఆవిడ నమ్మి, వాటిని పక్కన పెట్టేశారు.

ఏడాది దాటాక ఆ ఫొటోల్లోనే దాన్ని వేరెవరో కనిపెట్టారు. ఆ వార్త నాచేతే చదివించారు. కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే రాయట, బొగ్గంత నలుపట, సూర్యుణ్ణి చుట్టి రావడానికి నాలుగేళ్ళకు పైనే పడుతుందట.

"మనిద్దరికీ ఆనలేదంటే బాగా మసగ్గా ఉండుంటుందిలే" అన్నారు. తర్వాత నా వీపు తట్టి, "ఒక్క తప్పు లేకుండా చదివేవే" అని మురిసిపోయారు.

నేను కాగితం మీంచి తల ఎత్తలేకపోయాను.